నువ్వు మచ్చ, కండె మచ్చ

అక్టోబరు నడుమ తులా సంక్రాంతి వస్తుంది. ఒడియావాళ్లు దాన్ని గర్భణ సంక్రాంతి అంటారు. వరి గర్భం దాల్చిందని లక్ష్మికి నైవేద్యం పెడతారు. అదే అదునును బరంపురం తెలుగువాళ్లం పైరు పొట్టకొచ్చింది అంటాం. రెండు భాషలూ వరిని కడుపుతో ఉన్న ఆడపడుచుగానే చూశాయి. వ్యవసాయ శాఖ ఉద్యోగిగా గంజాం గట్ల మీద తిరిగినన్నాళ్లూ నాకు ఈ పండుగకు అటూ ఇటూ రోజులంటేనే భయం.

భయపెట్టేవి రెండు మచ్చలు. గోధుమ మచ్చ తెగులు ఆకు మీద నువ్వు గింజలా కోలగా ఉంటుంది. అగ్గి తెగులు మచ్చ రెండు కొనలూ సన్నబడి, నడుమ బూడిద రంగుతో నూలు కండెలా ఉంటుంది. దేవాంగుల మగ్గాల చప్పుడులో పెరిగినవాణ్ణి, కండె ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ అగ్గి తెగులునే ఒడియా రైతులు మహిషా రోగం అంటారు. నువ్వు మచ్చ ఆకలి రోగం. సారం చచ్చిన నేలలో, నీరు సరిగా అందని మడిలో ముదురుతుంది. కండె మచ్చకు ఎక్కువైన యూరియాయే మేత. రాత్రి చలి, తెల్లారి మంచు తోడైతే ఇక పట్టపగ్గాలుండవు.

ఆకలి రోగమని నువ్వు మచ్చను చిన్నచూపు చూడకూడదు. 1942లో బెంగాల్ వరిని ఆ తెగులే తినేసింది. మరుసటి ఏడు కరువు. యుద్ధం, ధరలు, పాలకుల తప్పిదాలు ఎన్నో ఉన్నాయి, తెగులు వాటా ఎంతన్నది పండితుల వాదం. కానీ కటక్ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన ఎస్.వై. పద్మనాభన్ 1973లో రాసిన వ్యాసంలో ఆ తెగులుతో పోల్చదగ్గది 1845 ఐర్లండు బంగాళాదుంప తెగులు ఒక్కటేనన్నారు. ఆ సంస్థ పుట్టింది 1946లో, కరువు గాయం పచ్చిగా ఉండగానే. తొలి డైరెక్టరు కె. రామయ్య.

మా ఊరు బరంపురానికీ ఈ కథలో చోటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే దాకా మేం మద్రాసు రాజ్యంలోనే ఉన్నాం. మద్రాసు వ్యవసాయ శాఖ ఆనవాయితీలో వరి రకానికి పుట్టిన ఊరి పేరే ఇంటిపేరు. ఎంటీయూ అంటే మారుటేరు, ఏడీటీ అంటే ఆడుదురై, పీటీబీ అంటే పట్టాంబి. అలాగే బీఏఎం అంటే బరంపురం. తెగుళ్ల పాఠాల్లో గోధుమ మచ్చను తట్టుకునే రకాలు చెప్పేటప్పుడు టీ 141, కో 20 పక్కన బీఏఎం 10 కూడా వస్తుంది. ఆ మూడక్షరాల వెనక ఒక ఊరుందని ఎంతమంది విద్యార్థులకు తెలుసో! నేనైతే ఆ పేరు కనబడ్డ ప్రతిసారీ గర్వపడ్డాను. మందులు చేతికి రాని కాలంలో తెగులు మడిలో నిలబడ్డ దుబ్బే విత్తనం, దాన్ని కనిపెట్టే కన్నే మందు.

ఆ కన్ను నాకు ఆలస్యంగా వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రుషికుల్య కాలువ కింద ఒక రైతు ఆకు తెచ్చి చూపించాడు. గుండుసూది తలంత గోధుమ చుక్కలు. మొదట్లో రెండు తెగుళ్లూ అలాగే ఉంటాయి. పైరు ఆకలి మీద ఉందనుకుని, యూరియా కొంచెం వెయ్యమన్నాను. వారంలో చుక్కలు కండెలయ్యాయి. వెన్ను తీశాక మెడలు విరిగాయి. కోతకు ఆ మడి తెల్లగా, తాలుగా నిలబడింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "వచ్చే ఏడు ముందే రండి బాబూ" అన్నాడు.

వెళ్లాను. తెల్లవారుజామున, మంచు ఆరకముందే. గట్టు మీద గడ్డి ముందు కోయించాం, ఆ గడ్డి మీద కూడా అగ్గి తెగులు బతుకుతుంది. మడిలో నీరు ఆరనివ్వలేదు. యూరియా మూడు దఫాలుగా, ఆకులు చూసుకుంటూ వేశాం. మూడు రోజులకోసారి ఒక మూల నుంచి ఎదుటి మూలకి నడిచి, అక్కడక్కడా ఆగి, ఆకు కోసి ఎండకెత్తి పట్టేవాళ్లం. నువ్వా, కండెనా అని ఆయన ముందు చెప్పేవాడు, నేను తర్వాత చెప్పేవాణ్ణి.