కొసరుగా వచ్చిన చిత్రాలు



కూరలు కొన్నాక నాలుగు పచ్చిమిరపకాయలో, ఓ కరివేపాకు రెబ్బో కొసరు అడగనిదే మనకి తోచదు కదండీ! ఒకప్పుడు అమెరికాలో సినిమాకి కూడా ఇలాంటి కొసరు ఉండేది. 1929లో అక్కడ షేర్ల బజారు కూలిపోయింది. ఉద్యోగాలు పోయి జనం చేతిలో డబ్బు ఆడలేదు. హాళ్ళు ఖాళీ అవుతుంటే, యజమానులు ఒకే టిక్కెట్టు మీద రెండు సినిమాలు చూపించడం మొదలుపెట్టారు. ఒకటి పేరున్న తారలతో తీసిన పెద్ద చిత్రం. దాన్ని ‘ఎ’ పిక్చర్ అన్నారు. దానికి జోడుగా వచ్చేది గంటా, గంటంపావులో ముగిసిపోయే చిన్న చిత్రం. అదే ‘బి’ పిక్చర్.

పెద్ద చిత్రానికి వసూళ్ళలో వాటా వచ్చేది. చిన్నదానికి ఎంతమంది చూసినా అద్దె ఒకటే. రాబడి ఇంతేనని ముందే తెలుసు కనక ఖర్చు కూడా అంతలోనే ముగించాలి. రెండు మూడు వారాల్లో షూటింగు పూర్తి కావాలి. ఒకటో తారీఖున అందిన జీతంతో నెలంతా నెట్టుకొచ్చే ఇల్లాలికి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ చిత్రాలన్నీ గొప్పవని నేను అనను. చాలావాటిని చూసినవాళ్ళే మరిచిపోయారు. కాని ఉన్నదాంట్లోనే కమ్మగా వండిన చేతులూ ఉన్నాయి. 1942లో ఆర్.కె.ఓ. స్టూడియో వాల్ ల్యూటన్ అనే నిర్మాతకి చిన్న చిత్రాల విభాగం ఒకటి అప్పగించింది. షరతులు మూడు. ఖర్చు లక్షా యాభై వేల డాలర్లు దాటకూడదు. నిడివి 75 నిమిషాలు మించకూడదు. సినిమా పేరు స్టూడియోవారే పెడతారు, ఆయన దానికి కథ అల్లుకోవాలి! వాళ్ళు ఇచ్చిన మొదటి పేరు ‘క్యాట్ పీపుల్’.

భర్త దగ్గరికొస్తే తాను చిరుతగా మారిపోతానేమోనని భయపడే కొత్త పెళ్ళికూతురి కథ అది. దర్శకుడు జాక్ టూర్నర్. ఇంట్లో కనబడే పెద్ద మెట్లు వేరే ఖరీదైన చిత్రానికి కట్టిన సెట్టువే. చిరుత కనిపించేది బహు తక్కువ, అంతా నీడలూ చప్పుళ్ళే. ఒకామె రాత్రిపూట ఒంటరిగా నడిచి వెళ్తుంటుంది. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తుంది, అది ఠక్కున ఆగిపోతుంది. ఏమవుతుందోనని మనం ఊపిరి బిగబట్టేలోగా బుస్సుమంటూ బస్సు వచ్చి ఆగుతుంది! ఈ చిట్కాకి సినిమావాళ్ళు ‘ల్యూటన్ బస్సు’ అనే పేరు పెట్టుకున్నారు.

‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ మీలో చాలామంది చూసే ఉంటారు. దాని దర్శకుడు రాబర్ట్ వైజ్‌కి ఎడిటింగు గదిలోంచి బయటికొచ్చి దర్శకుడయ్యే అవకాశం ఇచ్చింది ఈ ల్యూటనే, 1944లో.

ఇక నటుల సంగతి. ‘క్యాట్ పీపుల్’లో కాఫీ హోటల్లో వడ్డించే అమ్మాయిగా థెరీసా హారిస్ అనే నల్లజాతి నటి కనిపిస్తుంది. ఉన్నది కాసేపే అయినా ఆ చలాకీతనం గుర్తుండిపోతుంది. ఆమెకి ఎక్కువగా దాసీ వేషాలే దక్కాయి. చాలా చిత్రాల్లో పేరు కూడా వేయలేదు.

అన్నా మే వాంగ్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1905లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టిన చైనా సంతతి పిల్ల. తండ్రిది బట్టలుతికే దుకాణం. 1937లో ‘ది గుడ్ ఎర్త్’ అనే పెద్ద చిత్రం వచ్చింది. అందులో చైనా రైతు భార్య పాత్ర ఆమెకి ఇవ్వలేదు. జర్మనీలో పుట్టిన లూయీజ్ రైనర్‌కి ఇచ్చారు, ఆవిడకి ఆస్కారు కూడా వచ్చింది. భర్త వేషం కట్టినదీ తెల్లవాడే. అదే ఏడాది వాంగ్ ‘డాటర్ ఆఫ్ షాంఘై’ అనే బి పిక్చర్‌లో నాయికగా నటించింది. తండ్రిని చంపిన ముఠాని వెతికి పట్టుకునే ధైర్యవంతురాలి పాత్ర. డిటెక్టివ్‌గా కొరియా సంతతికి చెందిన ఫిలిప్ ఆన్ నటించాడు. ఇద్దరూ కథ చివర బతికి ఉండి, పెళ్ళి చేసుకోబోతారు. పెద్ద చిత్రం ఇవ్వని మర్యాద కొసరు చిత్రం ఇచ్చింది చూశారా! దానిమీద పెద్దల కన్ను అంతగా ఉండదు కనక కొత్తదనానికి కాస్త చోటు దొరికింది.

1948లో సుప్రీంకోర్టు తీర్పుతో పెద్ద స్టూడియోలకి హాళ్ళమీద పట్టు పోయింది. టెలివిజనూ వచ్చింది. క్రమంగా ఆ కొసరు ఆగిపోయింది. వాంగ్ 1961లో కన్నుమూసింది. 2006లో ‘డాటర్ ఆఫ్ షాంఘై’ని అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో చేర్చి భద్రపరిచారు. 2022లో ఆమె బొమ్మతో పావు డాలరు నాణెం వేశారు. గౌరవమే, కాని కళ్ళారా చూసుకోవడానికి ఆమె లేదు.

అందుకే నేను కోరేది ఒకటే. ఈసారి సినిమా చూసేటప్పుడు నాయికా నాయకుల వెనక మంచినీళ్ళు అందించే అమ్మాయినీ, తలుపు తీసే ముసలాయన్నీ కూడా కాస్త పరకాయించి చూడండి. నచ్చితే పేరు తెలుసుకోండి. వాళ్ళు ఉండగానే ‘బాగా చేశారు’ అనడానికి మనకి ఖర్చేమీ లేదు.