చలి ఉదయాన పాత డీజిల్ బండి ఎందుకు మొరాయిస్తుంది? లోపాన్ని కనిపెట్టే క్రమం

చలికాలం ఉదయం పాత డీజిల్ జీపు ఒకపట్టాన స్టార్ట్ కాకపోతే మెకానిక్ షెడ్డులో ఎక్కువగా వినిపించే మాటలు రెండు. ఒకటి ‘పంపు, నాజిళ్లు విప్పాలి’. రెండోది ‘ఇంజన్ బోరుకొచ్చింది’. రెండూ ఖరీదైన పనులే. అవి నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. కానీ వదులైన ఎర్త్ తీగ, కాలిపోయిన రెండు హీటర్ ప్లగ్గులు, పగుళ్లిచ్చిన రబ్బరు పైపు కూడా సరిగ్గా ఇవే లక్షణాలు చూపిస్తాయి. అందుకే ఏ భాగం మార్చాలన్నది తర్వాతి ప్రశ్న. ఏది ముందు పరీక్షించాలన్నదే మొదటి ప్రశ్న.

ఇక్కడ చెబుతున్నది కామన్ రైల్ రాకముందు, మెకానికల్ ఇంజెక్షన్ పంపుతో నడిచిన తరం బండ్ల గురించి. అంబాసిడర్ డీజిల్, ప్యూజో ఎక్స్‌డీ3పీ ఇంజన్‌తో వచ్చిన మహీంద్రా జీపులు, పాత టాటా సుమో, టయోటా క్వాలిస్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. వీటి పరీక్షకు స్కానర్ అక్కర్లేదు. మల్టీమీటరు, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, కాస్త ఓపిక చాలు.

అంతా వేడి మీదే ఆధారం

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజన్ చల్లగా ఉంటే ఆ వేడిలో చాలా భాగాన్ని సిలిండరు గోడలు, హెడ్డు లాగేసుకుంటాయి. ప్రీ-చాంబర్ ఉన్న పాత ఇంజన్లలో వేడి పోయే ఉపరితలం ఎక్కువ కనుక నష్టమూ ఎక్కువే. ఆ లోటు తీర్చడానికే హీటర్ ప్లగ్గులు అమర్చారు.

దీన్నిబట్టి చల్లని ఇంజన్ స్టార్ట్ కావడానికి నాలుగు షరతులు తీరాలి. ఇంజన్ తగినంత వేగంగా తిరగాలి. ప్లగ్గులు వేడెక్కాలి. డీజిల్ సరైన సమయానికి, సన్నని తుంపరలుగా చేరాలి. కంప్రెషన్ ఉండాలి. పరీక్షలు కూడా ఇదే వరుసలో చేయాలి. ఎందుకంటే ముందున్నవి చవక, వెనకున్నవి ఖరీదు.

మొదట పొగ చూడండి

ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మరొకరు సైలెన్సర్ దగ్గర నిలబడి గమనించాలి. పొగ అసలు రాకపోతే డీజిల్ సిలిండర్లలోకి చేరడం లేదని అర్థం. అప్పుడు హీటర్ ప్లగ్గులు మార్చి ప్రయోజనం లేదు. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది కానీ కాలడం లేదు. వేడి, కంప్రెషన్, టైమింగ్‌లలో ఏదో ఒకటి చాలడం లేదన్నమాట. నీలం పొగ ఇంజన్ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇబ్బంది ఉదయం మొదటిసారి మాత్రమేనా? వేడి ఇంజన్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు కూడానా? ఉదయం మాత్రమే అయితే బ్యాటరీ, ప్లగ్గులు, రాత్రిపూట గాలి చేరడం వంటి కారణాలు వెతకాలి. చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయి, వేడి మీద మొండికేస్తే రోటరీ పంపు లోపలి అరుగుదల అనుమానించదగిన కారణం. వేడికి పలచబడిన డీజిల్ అరిగిన సందుల్లోంచి జారిపోతుంది.

బ్యాటరీ, సెల్ఫ్

హారన్ మోగినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో పూర్తి చార్జింగ్ ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. 12.2 దగ్గరుంటే సుమారు సగమే మిగిలినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 వోల్టుల కంటే బాగా కిందికి పడిపోతే బ్యాటరీని లోడ్ టెస్ట్ చేయించాలి. చలిలో లెడ్-యాసిడ్ బ్యాటరీ శక్తి తగ్గుతుంది. అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిరగడానికి మరింత బలం కావాల్సి వస్తుంది.

బ్యాటరీ బాగుండి కూడా సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే మల్టీమీటరు ఒక తీగను బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, రెండోదాన్ని ఇంజన్ బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టి చూడాలి. రీడింగ్ అర వోల్టు దాటితే ఎర్త్ తీగ, దాని బోల్టులు తుప్పు పట్టినట్టే. గీరి, శుభ్రం చేసి బిగిస్తే చాలు. ఇంజన్ వేగంగా తిరగనప్పుడు గాలి రింగుల సందుల్లోంచి జారిపోవడానికి సమయం దొరుకుతుంది. కంప్రెషన్ బాగున్న ఇంజన్ కూడా బోరుకొచ్చినదానిలా కనిపించేది ఇలాంటప్పుడే.

హీటర్ ప్లగ్గులు

డ్యాష్‌బోర్డు మీద చుట్ట ఆకారపు దీపం వెలిగి ఆరినంత మాత్రాన ప్లగ్గులు వేడెక్కినట్టు కాదు. చాలా బండ్లలో అది టైమర్ చెప్పే సంగతి మాత్రమే. తాళం తిప్పగానే ప్లగ్గులను కలిపే పట్టీ దగ్గర దాదాపు బ్యాటరీ వోల్టేజి రావాలి. రాకపోతే రిలే, ఫ్యూజు, తీగలు చూడాలి. వస్తే పట్టీ విప్పి, టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస ఒక్కో ప్లగ్గు తలకు ఆనించాలి. ల్యాంపు వెలగకపోతే ఆ ప్లగ్గు కాలిపోయింది.

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక ప్లగ్గు పోతే బండి స్టార్ట్ అవుతుంది కానీ మొదటి నిమిషం వణుకుతూ తెల్ల పొగ వదులుతుంది. రెండు మూడు పోతే సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా అందుకోవడం కష్టం. కొత్త ప్లగ్గు కొనేటప్పుడు దాని మీద రాసిన వోల్టేజిని పాతదానితో పోల్చుకోవాలి. పాత ప్లగ్గును బలవంతంగా తిప్పితే హెడ్డులోనే విరిగిపోతుంది. తుప్పు వదిలించే నూనె వేసి, ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పడం మంచిది.

డీజిల్ దారిలో గాలి

ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ను పీల్చుకునే ఒత్తిడి ఉంటుంది. అక్కడ సన్నని పగులు ఉంటే డీజిల్ బయటకు కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. రాత్రంతా బండి నిలబడితే డీజిల్ ట్యాంకు వైపు జారిపోతుంది. మెకానిక్కులు ‘ఎయిర్ పట్టింది’ అనేది దీన్నే.

పరీక్ష సులువు. ఉదయం సెల్ఫ్ కొట్టకముందే చేతి పంపు నొక్కండి. రెండు మూడు నొక్కులకే గట్టిపడితే గాలి లేనట్టే. చాలాసేపు మెత్తగా ఆడి, గట్టిపడ్డాక బండి వెంటనే స్టార్ట్ అయితే దోషం పైపులు, ఫిల్టర్ సీలు, వాషర్లు, నాన్-రిటర్న్ వాల్వులలో ఉంది. పంపు విప్పాల్సిన పని లేదు. ఫిల్టర్ అడుగున నీళ్లుంటే వదిలేయాలి. రోటరీ పంపు ఉన్న బండిలో పొగ అసలు రాకపోతే తాళం తిప్పినప్పుడు స్టాప్ సోలనాయిడ్ ‘టిక్’మంటుందో లేదో వినాలి.

చలికి డీజిల్ చిక్కబడిందా?

భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం డీజిల్‌లోని మైనం ఫిల్టర్‌ను మూసేసే ఉష్ణోగ్రత చలికాలంలో 6 డిగ్రీలకు, మిగతా కాలంలో 18 డిగ్రీలకు మించకూడదు. ఇక్కడ చలికాలమంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. కాబట్టి పది డిగ్రీల ఉదయాన, ఈ నెలల్లోనే పోయించిన డీజిల్‌ను తప్పుపట్టడం సరికాదు. కానీ ఎండాకాలంలో నింపి ఎక్కువగా తిప్పకుండా ఉంచిన బండిని డిసెంబరులో లంబసింగికో, ఆదిలాబాద్‌కో తీసుకెళితే ఇబ్బంది రావచ్చు. లద్దాఖ్ సంగతి వేరు. అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ను తెచ్చింది.

చివర్లో టైమింగ్, నాజిళ్లు, కంప్రెషన్

పైవన్నీ సరిగా ఉండి తెల్ల పొగ వస్తుంటే టైమింగ్ చూడాలి. తర్వాత నాజిళ్లను బెంచి మీద పెట్టి తుంపర, ఒత్తిడి పరీక్షించాలి. కంప్రెషన్ చూసే ముందు టాపెట్లు సరిచూడాలి. సందు లేకుండా బిగుసుకున్న వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ తగ్గుతుంది. దానికి టాపెట్ సెట్టింగ్ చాలు, బోరు పని అక్కర్లేదు. కంప్రెషన్‌ను డీజిల్ గేజితోనే కొలవాలి. పెట్రోలు ఇంజన్ల గేజి ఆ ఒత్తిడికి తట్టుకోదు. వచ్చిన అంకెలను ఆ ఇంజన్ మాన్యువల్‌తో పోల్చాలి. సిలిండర్ల మధ్య తేడా కూడా చూడాలి.

ఇవి చేయొద్దు

హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లోకి ఈథర్ స్ప్రే కొట్టొద్దు. ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టొద్దు, మంట చూపొద్దు. ఎర్రగా కాలిన ప్లగ్గుకు ఆవిరి తగిలి వేళ కాని వేళ పేలితే రింగులు, పిస్టన్లు విరుగుతాయి, మనుషులకూ గాయాలవుతాయి. సెల్ఫ్‌ను ఒక్కసారి పది పదిహేను సెకన్లకు మించి కొట్టొద్దు. మధ్యలో చల్లారనివ్వాలి.

ఇంజన్ విప్పాలని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి ఎంత ఉంది? ఎన్ని ప్లగ్గులు పనిచేస్తున్నాయి? ఒక్కో సిలిండరులో కంప్రెషన్ ఎంత వచ్చింది? ఈ మూడింటికీ అంకెల్లో జవాబు దొరికాకే ఇంజన్ విప్పడానికి ఒప్పుకోండి.