ఇంటి ముందు పూలమడి

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, కరువుభత్యం లెక్కలూ పాత ఫైళ్ళ సంగతులూ తప్ప నాకు తెలిసినదేమున్నదని సందేహించాను. ఆ రెండింటి మీదా మన మిత్రులు ఇదివరకే చక్కగా వ్రాశారు. కనుక నేను ఒక పూలమడి చరిత్ర వ్రాస్తున్నాను. నవ్వుకోకండి. ఇందులోనూ ఫైళ్ళున్నాయి, ఒక ప్రభుత్వ కార్యాలయమున్నది, జీ.వో. వంటిది కూడా ఒకటున్నది.

2018 వేసవిలో నేనూ మా ఆవిడా మా అబ్బాయి దగ్గరకు ఇంగ్లండు వెళ్ళి మూడు నెలలున్నాము. లండనుకు దక్షిణాన సర్రే కౌంటీలో చిన్న ఇల్లు. వీధి గుమ్మానికీ కాలిబాటకూ నడుమ మన వరండా అంత జాగా, అందులో పూలమడి. ఇల్లు అమ్మిన ముసలావిడ వేసినదట. కాలిబాట వెంబడి లావెండరు, దాని వెనుక క్యాట్‌మింటు, సీడమ్, గోడవారగా గులాబీలు. ఆ ఏడు అక్కడ ఎండలు మండిపోయి పచ్చికబయళ్ళన్నీ ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. లావెండరు మాత్రం చెక్కుచెదరలేదు, తేనెటీగలతో రోజంతా రొద పెడుతూనే ఉన్నది. ఆ మడి తీయించి, ఇటుకలు పరిపించి, రెండో కారు నిలుపుకోవాలని అబ్బాయి ఎస్టిమేటు వేయించి ఉంచాడు. కోడలికి ఇష్టం లేదని ముఖమే చెబుతున్నది గాని పైకి అనలేదు. నాకా పొద్దుపోదు. దగ్గరున్న లైబ్రరీకి పోయి ఈ మడి పుట్టుపూర్వోత్తరాలు చదవటం మొదలుపెట్టాను.

లావెండరు అనగానే మన తరానికి యార్డ్లీ పౌడరు డబ్బా గుర్తుకొస్తుంది. మొక్క పుట్టిల్లు మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న సున్నపురాతి గుట్టలు. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దంలో మిచమ్ చుట్టుపక్కల దీన్ని పొలాలకు పొలాలు పండించి నూనె తీసేవారు. మిచమ్ అప్పుడు సర్రేలోదే, ఇప్పుడు లండనులో కలిసిపోయింది. పొలంలోని పంట పెద్దల ఇళ్ళ పూలమడులలోకి రావటం వెనుక మాత్రం ఒక తగాదా నడిచింది.

1845లో అక్కడ గాజు మీద పన్ను ఎత్తివేశారు. గాజు చవకై, జమీందారుల ఇళ్ళలో గాజుగృహాలు పెరిగాయి. వాటిలో వేలకొద్దీ నారు పెంచి, వేసవి రాగానే ఎర్ర జెరేనియంలు, నీలి లోబీలియాలు తివాచీ అల్లినట్టు మడులలో నాటేవారు. కాలం తీరగానే పెరికి పారేసేవారు. సంక్రాంతికి బంతి వేసి, పండుగ వెళ్ళాక పీకేయటం మనమూ ఎరిగినదే. మన ఇంటి ముందరి నందివర్ధనం, గన్నేరు అలా కాదు, నాటిన తాత పోయినా పూస్తూనే ఉంటాయి. ఏటేటా తనంత తాను తిరిగి పూసే అటువంటి బహువార్షికాలే తోటకు ప్రాణమనీ, తివాచీ మడులు వట్టి దుబారా అనీ విలియం రాబిన్సన్ అనే ఐరిష్ తోటమాలి వాదించాడు. 1883లో అచ్చయిన ‘ది ఇంగ్లిష్ ఫ్లవర్ గార్డెన్’ ఆయన గ్రంథమే. మాట కటువు. పెద్ద తోటల పెద్ద మాలీలకు ఆయన పొడ గిట్టేది కాదు.

ఆ గ్రంథానికి సాయం వ్రాసినవారిలో గెర్ట్రూడ్ జెకిల్ ఒకరు. 1843లో పుట్టిన ఈమె చిత్రలేఖనం చదువుకున్నది. ఎంబ్రాయిడరీ, వెండిపని, కొయ్యపని అన్నీ చేసేది. చూపు మొదటి నుంచీ మందం. 1891లో కంటి వైద్యుడు, దగ్గరగా పెట్టుకుని చేసే పనులన్నీ మానమన్నాడు. నలభై ఏడేళ్ళ వయసులో చేతిలోని కుంచె కింద పెట్టవలసి రావటమంటే మాటలు కాదు. రంగుల మీద మమకారాన్ని ఆమె అప్పటి నుంచి పూర్తిగా తోటకే మళ్ళించింది.

ఆమె ఎవరి దగ్గర నేర్చుకున్నదో చదివినప్పుడు నాకు ముచ్చట వేసింది. సర్రే పల్లెదారుల వెంట కూలీల కొంపలు, వాటి ముందు చారెడు జాగా, అందులో లావెండరు, గులాబీ, హాలీహాక్, ఏది దొరికితే అది. ఆ గుడిసెల ముంగిళ్ళ నుంచే చాలా నేర్చుకున్నానని ఆమె స్వయంగా వ్రాసుకున్నది. 1904లో ఆ పల్లెల జీవితం మీద ఫోటోలతో ఒక పుస్తకమే వేసింది. గొప్పవారి తోటలను చూసి పేదలు నేర్చుకుంటారని అనుకుంటాము గదా, ఇక్కడ అది తిరగబడింది.

మన్‌స్టెడ్ వుడ్‌లోని ఆమె సొంత తోటలో పెద్ద పూలమడి 200 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. రెండు కొసలా బూడిదరంగు ఆకులు, నీలం, తెలుపు, లేత గులాబి పూలు, నడుమకు వచ్చేకొద్దీ పసుపు, నారింజ, మధ్యలో నిప్పులాంటి ఎరుపు. ఆగస్టు నెల కోసం వేరే బూడిదరంగు తోట ఉండేది. లావెండరు, శాంటోలీనా, గొర్రెపిల్ల చెవి అని వాళ్ళు ముద్దుగా పిలిచే మెత్తటి ఆకుల మొక్క, వాటి నడుమ తెలుపు, ఊదా పూలు. ఒక మొక్క పూత అయిపోయి ఖాళీ పడితే పక్కదాన్ని వంచి దాని మీదకు కట్టేది. సెలవులో ఉన్న గుమాస్తా సీటు పక్క గుమాస్తాకు అప్పగించినట్టు! పొట్టిగా, ముందుగా పూసే ఒక లావెండరు రకం నేటికీ మన్‌స్టెడ్ పేరుతోనే అమ్ముడవుతున్నది.

ఆ ఇల్లు కట్టిన ఎడ్విన్ లుట్యెన్స్ మనకు తెలిసినవాడే, ఢిల్లీలో రాష్ట్రపతి భవనం ఆయనదే. 1889లో వీరిరువురికీ పరిచయమయ్యేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ళు, ఆమెకు నలభై ఐదు. ఆయన గోడలూ మెట్లూ గీస్తే ఆమె మొక్కల పట్టిక వేసేది. 1914-18 యుద్ధంలో చనిపోయిన సైనికులకు ఫ్రాన్సులో సమాధులు కట్టేటప్పుడు, ఆయన కోరిక మీద కొన్ని శ్మశానాలకు ఆమె మొక్కలు నిర్ణయించింది. ఊరి ఇంటి ముందర పూసే పూలే సమాధిరాళ్ళ మొదట్లోనూ ఉండాలని.

ఇక ప్రభుత్వ కార్యాలయం సంగతి. సోమర్‌సెట్ కౌంటీలో హెస్టర్‌కూమ్ అనే భవనానికి 1904లో వీరిద్దరూ కలిసి తోట వేయటం మొదలుపెట్టారు. కాలం మారి, 1950లలో ఆ భవనం కౌంటీ అగ్నిమాపక శాఖకు హెడ్డాఫీసయింది. తోట పాడుపడింది. ఆమె స్వహస్తాలతో గీసిన మొక్కల ప్లాన్లు మాలీల సామాన్ల కొట్టంలో బయటపడ్డాయి. వాటిని పట్టుకుని 1973 నుంచి ఎక్కడి మొక్క అక్కడ తిరిగి నాటించారు. ఆమె మిగతా కాగితాలు అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చేరి భద్రంగా ఉన్నాయి. ఫైలు పారేయకుండా ఉంచిన అజ్ఞాత మాలీ ఎవరో గాని, రికార్డు గదిలో ఇరవై ఏళ్ళు దుమ్ము మింగిన నేను ఆయనకు మనసులోనే నమస్కరించాను.

ఇంత చదివాక లావెండరు పద్ధతి కూడా బోధపడింది. దానికి పేదనేలే ఇష్టం. నీరు నిలవకూడదు, నిండా ఎండ తగలాలి, ఎరువు దండిగా వేస్తే ఆకు పెరిగి పువ్వు తగ్గుతుంది. పూత కాగానే కత్తిరించాలి, అయితే ముదురు కొయ్య దాకా కోస్తే మళ్ళీ చిగురించదు. క్యాట్‌మింటు, సీడమ్ దీని స్వభావానికి దగ్గరివే. గులాబీతో జోడీ చూపుకు అందమే గాని, దానికి ఎరువు కావాలి, దీనికి వద్దు. ముసలావిడ గులాబీలను గోడవార, లావెండరును వాలుగా ఉన్న అంచున పెట్టటంలోని తెలివి అప్పుడు నాకు అర్థమైంది.

ఇక జీ.వో. 2008 అక్టోబరు నుంచి ఇంగ్లండులో ఇంటి ముందరి జాగా ఐదు చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని విధంగా కప్పాలంటే స్థానిక సంస్థ అనుమతి కావాలి. రాత్రి భోజనాల దగ్గర గంభీరంగా చదివి వినిపించాను. “నీరు ఇంకే ఇటుకలే వేయిస్తున్నాను నాన్నా, అనుమతి అక్కరలేదు” అన్నాడు అబ్బాయి. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నా నోట్ ఫైలు ఇంత త్వరగా తిరిగి రాలేదు. అప్పుడు కోడలు మెల్లగా, “నాకు ఈ దేశంలో మొదటి చలికాలం గడిచాక, తలుపు తీస్తే పలకరించింది ఆ మొక్కలే” అన్నది. ఇంకేమీ అనలేదు. మరునాడు అబ్బాయి టేపు పట్టుకుని బయట చాలాసేపు కొలతలు వేశాడు.

సగం మడి పోయింది. గులాబీలు పోయాయి. లావెండరు వరుస నిలిచింది. నేను తెచ్చిన రెండు కొమ్మలు మాత్రం హైదరాబాదు మేడ మీద మొదటి వానలకే కుళ్ళిపోయాయి. దానికి చల్లని కొండలే సరి, జమ్మూలోని భదర్వా రైతులు ఇప్పుడు మొక్కజొన్న మాని దీన్నే పండిస్తున్నారు.

ఏటా ఆగస్టులో కోడలు, జెకిల్ చెప్పినట్టు, కంకిలో నాలుగు పూలు విచ్చగానే కోసి, ఆరబెట్టి, గుడ్డసంచిలో పంపుతుంది. “మామయ్యగారూ, బట్టల్లో పెట్టుకోండి” అంటుంది. నేను దాన్ని పెన్షను కాగితాల ఫైలులో పెట్టుకున్నాను. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఫైలు తెరిచినప్పుడు బ్యాంకు కౌంటరులోని అమ్మాయి ఆ వాసన ఏమిటని అడిగింది.