క్షేత్రజ్ఞలు: నంద్యాల పత్తి చేలలో అనామక విజ్ఞానం

భగవద్గీత త్రయోదశాధ్యాయం క్షేత్రాన్ని, దానిని ఎరిగిన క్షేత్రజ్ఞుణ్ణి వేరుచేసి చూపుతుంది. అక్కడ క్షేత్రమంటే శరీరం. ఆ పదద్వయాన్ని దాని లౌకికార్థంలో, అనగా పొలం, పొలాన్ని ఎరిగినవారు అనే అర్థంలో, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పత్తి చేలకు అన్వయిస్తే ఒక చారిత్రక ప్రశ్న ఉదయిస్తుంది. సంకర విత్తన విజ్ఞానం ఆ నేలపై ఫలించిన కాలంలో దానిని చేతులారా ఆచరించినది ఎవరు? చరిత్ర వారిని ఏ పేరుతో స్మరించింది?

నల్లమల పర్వతశ్రేణికి పడమట, కుందూ నది పరీవాహకంలో విస్తరించిన నల్లరేగడి చిరకాలంగా పత్తికి నెలవు. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం స్థాపితమైంది. ‘నరసింహ’ అనే ప్రసిద్ధమైన పత్తి వంగడం ఆ క్షేత్రం నుండే వెలువడింది. అటువంటి సూటిరకాల విత్తనాన్ని రైతు తన పంట నుండే మరుసటి ఏటికి దాచుకోగలడు. గింజను ఏరి, ఎండబెట్టి, పురుగు పట్టకుండా భద్రపరచే బాధ్యత గ్రామాలలో అధికంగా గృహిణులదే. అది పేరులేని విద్య, కాని కుటుంబం దానిపై ఆధారపడి జీవించింది.

ఈ క్రమాన్ని మార్చినది సంకర విత్తనం. 1970లో సూరత్ పరిశోధనా కేంద్రంలో సి.టి. పటేల్ ‘హెచ్-4’ అనే సంకర పత్తిని వెలువరించాడు. ప్రపంచంలో వాణిజ్యస్థాయిలో సాగుకు వచ్చిన ప్రథమ సంకర పత్తిగా దానికి ఖ్యాతి. 1972లో ధార్వాడ నుండి బి.హెచ్. కాతరకి రూపొందించిన ‘వరలక్ష్మి’ వచ్చింది. రెండు భిన్న వంగడాల కలయికతో పుట్టిన తొలి తరం అధిక దిగుబడినిస్తుంది. రెండవ తరంలో ఆ గుణాలు చెదిరిపోతాయి. కనుక విత్తనాన్ని ప్రతి సంవత్సరం కొత్తగా సృష్టించవలసిందే. ఆ సృష్టికి స్థానమైన ప్రాంతాలలో నంద్యాల, ఆళ్లగడ్డ పరిసర గ్రామాలు ముఖ్యమైనవి.

పత్తి పువ్వు ద్విలింగి. తన పుప్పొడితోనే తాను ఫలదీకరణ చెందగలదు. సంకరం కావాలంటే మానవహస్తం ఆ సహజక్రమాన్ని నిరోధించాలి. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంకాలమే గుర్తించాలి. గోటితో రేకులను, కేసరాల గొట్టాన్ని ఒలిచివేయాలి; కీలాగ్రానికి మాత్రం గాయం కారాదు. ఆ మొగ్గకు గుర్తు పెట్టి, మరునాటి ఉదయం మగ వరుసల నుండి తెచ్చిన పువ్వు పుప్పొడిని కీలాగ్రానికి అద్దాలి. ఒక్క పుప్పొడి తిత్తి మిగిలినా స్వపరాగ విత్తనం కలిసి శుద్ధత చెడుతుంది. కీలాగ్రం గాయపడితే కాయ రాలిపోతుంది. వ్యవహారంలో ‘క్రాసింగ్’ అని పిలిచే ఈ క్రియ నెలల తరబడి, ప్రతిదినం, ప్రతి మొక్క వద్దా జరగాలి. 2002లో బీటీ పత్తికి భారతదేశంలో అనుమతి లభించిన పిమ్మట కూడా ఇదే స్థితి. ప్రయోగశాలలో జన్యువును చేర్చినా, సంకర విత్తనం మాత్రం చేలో వేళ్ల కొసలనే పుట్టింది.

ఆ వేళ్లు ఎవరివి? ఆంధ్రప్రదేశ్ పత్తి విత్తన క్షేత్రాలపై దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాలు దీనికి సమాధానమిచ్చాయి. ఈ పనిలో ఉన్నవారిలో అధికసంఖ్యాకులు బాలికలు. వారిలో పద్నాలుగేళ్లు నిండనివారు అనేకులు. తల్లిదండ్రులకు ముందుగా అప్పు ఇచ్చి, సీజను ముగిసేవరకు బిడ్డను పనికి కట్టివేసే పద్ధతి నడిచింది. కంపెనీలు విత్తనానికి చెల్లించిన ధర, వయోజనులకు న్యాయమైన కూలి ఇచ్చేందుకు చాలలేదని ఆ అధ్యయనాలు చూపాయి. భారం కంపెనీ నుండి రైతుపైకి, రైతు నుండి బాలికపైకి దిగింది. ఆ బాలిక తరువాత ఇక ఎవరూ లేరు.

ఈ వ్యవస్థను సమర్థించినవారు చెప్పిన కారణం: బాలికల వేళ్లు సన్నవి, ఎత్తు మొక్కకు సరిపోతుంది, ఓర్పు వారికి సహజం. ఈ వాదంలో ఒక అంతర్వైరుధ్యం ఉంది. విత్తనశుద్ధి చర్చకు వచ్చినపుడు ఆ పని అత్యంత సూక్ష్మమని అంగీకరించినవారే, కూలి చర్చకు వచ్చినపుడు అది నైపుణ్యం కాదని, స్త్రీస్వభావమని అన్నారు. స్వభావానికి వేతనం అక్కరలేదు కదా! 1976 నాటి సమాన వేతన చట్టం ఒకే పని చేసే స్త్రీపురుషులకు ఒకే వేతనాన్ని విధించింది. కాని ఒక పనిని ఆడపిల్లలదిగానే స్థిరపరచినపుడు పోల్చి చూపేందుకు పురుషుడే ఉండడు. సమానత్వం ఉల్లంఘింపబడినట్టు కూడా కనబడదు.

అదే క్రియ పరిశోధనాలయంలో జరిగినపుడు దాని గౌరవం వేరు. తలశ్శేరిలో 1897లో జన్మించిన ఇ.కె. జానకి అమ్మాళ్ మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నతవిద్య నభ్యసించి, కోయంబత్తూరు చెరకు పరిశోధనా కేంద్రంలో సంకరాలను సృష్టించింది. 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోములపై గ్రంథాన్ని వెలువరించింది. 1977లో పద్మశ్రీ అందుకొన్నది. ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వుకు అద్దడం ఆమె చేతిలో విజ్ఞానం. ఆళ్లగడ్డ బాలిక చేతిలో కూలి. ఆ ఇరువురి మధ్య అంతరం బుద్ధిలోనిది కాదు, పాఠశాలలోనిది. జానకి అమ్మాళ్‌కు తాను చేయునది ఎందుకు చేయుచున్నదో తెలిసికొనే అవకాశం లభించింది. ఆ బాలికకు క్రియ మాత్రమే దక్కింది, కారణం దక్కలేదు.

అయితే బాల్యాన్ని హరించిన శ్రమను విద్యగా కీర్తించడం మరొక అన్యాయమవుతుంది. 1986 నాటి బాలకార్మిక చట్టపు నిషేధ పట్టికలో సాధారణ వ్యవసాయ పనులు చేరలేదు. చేలో పనిచేసే బాలిక చట్టం కంటికి కనబడలేదు. పాఠశాలకు వెలుపల ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికమేనని శాంతా సిన్హా నేతృత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ వాదించింది. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం లభించింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2016 నాటి సవరణతో, కుటుంబానికి బడివేళల వెలుపల చేసే సాయం వంటి మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్ల లోపువారిని ఏ పనిలోనూ నియమించరాదని నిర్ణయమైంది.

విజ్ఞానరంగంలో స్త్రీసమానత్వాన్ని ప్రయోగశాలలలోని స్త్రీల సంఖ్యతో కొలవడం పరిపాటి. ఆ కొలత అవసరమే, కాని అసంపూర్ణం. ప్రయోగశాల కనుగొన్న దానిని లక్షల పువ్వులపై నిజం చేసిన వారిని ఆ లెక్క స్పృశించదు. వయోజన స్త్రీ చేసే క్రాసింగ్‌ను నైపుణ్యంగా గణించి తగిన వేతనమివ్వడం, ఆమె కుమార్తెను అదే పువ్వు నిర్మాణాన్ని పాఠంగా చదివే తరగతి గదిలో కూర్చోబెట్టడం: ఈ రెండూ కలిసినపుడే సమానత్వం పొలం వరకు చేరుతుంది. క్షేత్రాన్ని ఎరిగిన చేతికి, దానిని ఎరుగుదునని చెప్పుకొనే అధికారం కూడా ఆనాడే లభిస్తుంది.