పోతు మొక్క, పెంటి మొక్క

మా హాస్టల్ వంటగది వెనక బొప్పాయి గింజలు నాటించాం. పన్నెండు మొలిచాయి. ఏది కాయ కాస్తుందో, ఏది ఉత్త పూత పూసి ఊరుకుంటుందో పూత వచ్చేదాకా తెలియదు. పిల్లలు రోజూ పందేలు వేసుకునేవారు. చివరికి నాలుగు పోతు చెట్లని తేలింది. తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఇదీనని స్టడీ అవర్‌లో తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాం. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఒక అమ్మాయి మా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, మా అన్నయ్య పీకింది పోతు మొక్కలే. వాటికి కూడా కేసు పెడతారా?"

ఏ మొక్కలో ఆ పిల్ల చెప్పలేదు, మేమూ అడగలేదు. మన్యంలో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పే పని లేదు. బయటి నుంచి వచ్చిన వ్యాపారి పెట్టుబడి పెట్టాడు. కొండ మీద తోటలో పోతు మొక్కలు ఏరడానికి ఊరి కుర్రాళ్లకు రోజుకూలి ఇచ్చాడు. పోలీసులు వచ్చిన రోజు తోటలో ఉన్నది కుర్రాళ్లే, వ్యాపారి కాదు. ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పాలంటే ముందు మేమే చదువుకోవాల్సి వచ్చింది. చదివినదాంట్లో మన యువతకు పనికొచ్చేది ఇక్కడ పంచుకుంటున్నాం.

గంజాయిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ పూలు పుప్పొడి రాల్చాక ఆ మొక్క పని అయిపోతుంది, ఎండిపోతుంది. పుప్పొడి తగిలిన ఆడ మొక్క గింజ కడుతుంది. మత్తు కలిగించే జిగురు ఎక్కువగా ఉండేది ఆడ పూల కొసల్లోనే. గింజ పడితే సరుకు విలువ తగ్గుతుందని వ్యాపారి లెక్క. అందుకే పోతు మొక్కల్ని ఏరేయడం ఒక పని అయింది, ఆ పనికి ఒక కూలి ఏర్పడింది.

ఆ కూలి మన కొండల్లో మొదలైంది కాదు. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం లైసెన్సు ఇచ్చి గంజాయి పండించేది. పన్ను రాబడి కోసం. అక్కడ రైతు మగ మొక్కల్ని గుర్తుపట్టడానికి 'పొద్దార్' అనే నిపుణుణ్ణి పిలిపించుకునేవాడు. ఇంగ్లీషు అధికారులు అతన్ని గంజాయి డాక్టర్ అని రాశారు. పూత విచ్చకముందే, మొగ్గ దశలో చూసి మగ మొక్కను విరిచేయడం అతని విద్య. చేను మొత్తం తిరిగి చూసేవాడు, డబ్బు తీసుకుని వెళ్లేవాడు. 1893లో ప్రభుత్వం వేసిన గంజాయి విచారణ సంఘం వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. పొద్దార్ల సంగతి అందులో వివరంగా ఉంది. మన తెలుగు నేలకూ ఈ కథలో చోటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో లైసెన్సు మీద సాగు జరిగిన చోట్లలో అప్పటి కృష్ణా జిల్లాలోని సంతరావూరు ప్రాంతం ఒకటి.

చేసిన పని ఒకటే. అతన్ని డాక్టర్ అన్నారు, మన పిల్లవాణ్ణి ముద్దాయి అంటున్నారు. మధ్యలో మారింది చట్టం.

చట్టం దగ్గరికి వస్తాం. ముందు ఆ మొక్క చేసిన తమాషా ఒకటి చెప్పాలి. మగ మొక్కలన్నీ పీకేసినా ఆడ మొక్కకు ఎక్కడో నాలుగు గింజలు పడుతూనే ఉంటాయి. కూలీని "సరిగా ఏరలేదు" అని తిట్టి, కూలి కోసేది ఇక్కడే. ఇదే విషయం ఐరోపాలో పెద్ద పెద్ద పండితుల్ని కూడా తికమక పెట్టింది. జర్మనీలో ట్యూబింగెన్‌లో పనిచేసిన కామెరేరియస్ 1694లో మొక్కల్లోనూ ఆడ మగ ఉంటాయని ప్రయోగాలతో రాశాడు. అయితే విడిగా పెంచిన ఆడ గంజాయి మొక్కలు కూడా గింజ కట్టడం చూసి ఇబ్బంది పడ్డాడు. 1760లో లిన్నేయస్ కుండీల్లో ఇదే మొక్కను పెంచి, మగ మొక్కలు తీసేస్తే గింజ రాదని చూపించాడు. తర్వాత ఇటలీలో స్పల్లంజాని విడిగా పెంచిన మొక్కల్లో మళ్లీ గింజలు కనిపించాయి. అసలు పుప్పొడి అవసరమే లేదేమో అన్నంత దూరం వెళ్లాడాయన.

గుట్టు ఆ ఆడ మొక్క దగ్గరే ఉంది. కొన్నిసార్లు ఆడ మొక్కే తన ఆడ పూల మధ్య ఒకటి రెండు మగ పూలు పూస్తుంది. ఆ పుప్పొడితోనే గింజ కడుతుంది. 1920ల్లో అమెరికాలోని ఒహాయోలో షాఫ్నర్ అనే వృక్షశాస్త్రవేత్త శీతకాలంలో, పగలు తక్కువగా ఉండే రోజుల్లో గాజుగదిలో ఈ మొక్కల్ని పెంచాడు. చాలా మొక్కలు రెండు రకాల పూలూ పూశాయి. ఆడ మొక్కకు రెండు ఎక్స్ క్రోమోజోములు, మగ మొక్కకు ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి, మనుషుల్లాగే. కాని వెలుగు తేడా వచ్చినా, మొక్క దెబ్బతిన్నా పూత దారి తప్పవచ్చు. గింజ గుండ్రంగా ఉంటే ఆడ, కోసుగా ఉంటే మగ అని చెప్పేవాళ్లున్నారు. అది ఉత్త మాట. కంటితో చూసి గింజలో ఆడ మగ చెప్పడం ఎవరి తరమూ కాదు.

మన ఏజెన్సీలో పండే ఒక రకాన్ని శీలావతి అంటారని పేపర్లలో మీరూ చదివే ఉంటారు. పోతుల్ని ఏరేసి పెంచే మొక్కకు ఆ పేరు ఎవరికి తట్టిందో! అదే మొక్క తనలోనే పోతు పూత పూస్తుందని వాళ్లకు తెలిసి ఉండదు.

ఇక చట్టం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే పూత కొసలు, కాయ కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న గింజల్ని, ఆకుల్ని ఆ నిర్వచనం నుంచి తప్పించారు. "ఆకులకు కేసు లేదంట, పోతు మొక్కకు మత్తు లేదంట, పెరట్లో నాలుగే కదా" అనే మాటలు ఇక్కడి నుంచే పుట్టాయి. కాని అదే చట్టం సాగు దగ్గర గంజాయి మొక్క అంటే ఆ జాతికి చెందిన ఏ మొక్కైనా అని చెబుతుంది. ఆడదా, మగదా, రెండూ కలిసిందా అని చూడదు. కొండ మీద ఎకరమా, పెరట్లో కుండీయా అనీ చూడదు. అనుమతి లేని సాగుకు పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇక రవాణాలో 20 కిలోలు దాటితే శిక్ష పదేళ్ల దగ్గరే మొదలై ఇరవై ఏళ్ల దాకా పోతుంది. ఒక మూట మోసినందుకు ఒక జవ్వాడి యవ్వనం మొత్తం.

2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. ఆ మంట ఫోటోలు అందరూ చూశారు. మా హాస్టల్ రిజిస్టర్లో ఆ రోజుల్లో తండ్రి సంతకం పెట్టాల్సిన చోట నాయనమ్మల వేలిముద్రలు ఎక్కువయ్యాయి. ఆ ఫోటో ఎవరూ తీయలేదు. వ్యాపారుల్లో ఎంతమంది దొరికారో కూడా మన ఊళ్లలో ఎవరికీ తెలియదు. తోట ఎక్కడుందో, కూలికి ఎవరు వెళ్లారో మాత్రం అందరికీ తెలుసు.

ఆ అమ్మాయికి వారం తర్వాత జవాబు చెప్పాం. "పెడతారమ్మా. ఆడ మగ అని చట్టం చూడదు" అన్నాం. ఏడవలేదు. "అయితే వాళ్లు ఆ మాట అన్నయ్యకి ఎందుకు చెప్పలేదు మేడం?" అంది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

వాళ్ల అన్నయ్యకు తర్వాత బెయిలు వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. ఇంటి దగ్గర కాఫీ మొక్కల మధ్య మిరియాల పాదులు ఎక్కిస్తున్నాడట. వాయిదా ఉన్న రోజు తెల్లవారుజామున మొదటి బస్సుకి దిగి, దారిలో హాస్టల్ దగ్గర ఆగి చెల్లెలికి ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వెళ్తాడు. మొన్న వచ్చినప్పుడు వంటగది వెనక పోతు బొప్పాయి ఒకటి పొడుగాటి కాడకు రెండు చిన్న కాయలు కాసింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అన్నకు చూపించింది.