తీగ లేని ఇంటర్నెట్: టవర్ తాళం ఎవరి దగ్గర?

శ్రీ సత్యసాయి జిల్లా కనగానపల్లి లాంటి మెట్ట మండలాల్లో ఊరూరికీ కేబుల్ లాగడం ఖర్చుతో కూడిన పని. ఎత్తు మీద ఒక డిష్ యాంటెన్నా, దానికి ఎదురుగా దూరాన మరొకటి నిలిపితే వైఫై తరంగాలతోనే పది, ఇరవై కిలోమీటర్లు ఇంటర్నెట్ పంపొచ్చు. 2007లో వెనిజులాలో ఎర్మన్నో పియెట్రోసెమోలి బృందం 382 కిలోమీటర్లు పంపి చూపించింది. పంపడం కష్టం కాదు, రోజూ నిలబెట్టడమే కష్టం.

రెండు డిష్‌లు ఒకదానికొకటి కనబడితే చాలదు. 5.8 గిగాహెర్ట్జ్‌లో పది కిలోమీటర్ల లింకుకు నడిమధ్యలో, చూపు గీత చుట్టూ దాదాపు 7 మీటర్ల ఖాళీ కావాలి. ఇవాళ లేని అడ్డు నాలుగేళ్లకు చెట్టు పెరిగి వస్తుంది. ఈ తరంగాలకు వాన పెద్ద అడ్డంకి కాదు, గాలితోనే చిక్కు. పక్కనే రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! బోల్టు వదులై పెద్ద డిష్ రెండు మూడు డిగ్రీలు తిరిగితే సిగ్నల్ సగానికి పడిపోతుంది.

తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రిని పల్లె కేంద్రాలతో ఇలాంటి లింకులే కలిపాయి. రోగి పల్లెలో, డాక్టరు తేనిలో, మధ్యలో వీడియో. ఆ లింకులు నడిపిన బర్కిలీ పరిశోధకులు 2008లో తమ అనుభవం రాశారు. ఎక్కువగా దెబ్బతీసింది కరెంటు. వోల్టేజీ ఎగసి అడాప్టర్లు కాలిపోయాయి, పదేపదే కరెంటు పోయి మెమరీ కార్డులు పాడయ్యాయి. బ్యాటరీ, మంచి ఛార్జ్ కంట్రోలర్, ఎర్తింగ్‌ల మీద పెట్టే డబ్బు రేడియో మీద పెట్టేదానికంటే ఎక్కువ పనికొస్తుంది. స్థానికులకు పని నేర్పడం కూడా అంతే ముఖ్యమని వాళ్లు తేల్చారు.

కానీ స్థానికులంటే ఎవరు? డిష్ ఎత్తైన మేడ మీద పెడతారు. పల్లెలో ఎత్తైన మేడ ఎవరిదో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. రాత్రి రేడియో ఆగిపోతే దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయడానికి దళితవాడ పిల్ల ఆ మేడ ఎక్కగలదా? 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ హాజరు ఫోన్ యాప్ ఫొటోలకు మారింది. సిగ్నల్ అందని చోట నెట్ అంటే కూలి డబ్బులే. అందుకే తాళం ఎవరి దగ్గరుందనేది కూడా సాంకేతిక ప్రశ్నేనని మేము అంటున్నాం.

వాడలోని కమ్యూనిటీ హాలు మీద స్టే వైర్లతో గట్టిగా కట్టిన ఇనుప గొట్టం చాలా లింకులకు సరిపోతుంది. వాడ యువతీయువకుల్లో కనీసం ఇద్దరికి డిష్ తిప్పడం, బ్యాటరీ వోల్టేజీ చూడడం, రేడియోలో దూరం సెట్టింగ్ సరిచేయడం నేర్పాలి. మామూలు వైఫై జవాబు కోసం కొన్ని మైక్రోసెకన్లే ఆగుతుంది. ఆ సెట్టింగ్ పెంచకపోతే అందిన ప్యాకెట్‌నే మళ్లీ మళ్లీ పంపుతూ నత్తనడక నడుస్తుంది. డిష్ సరిగ్గా అమరిన రోజునే గొట్టం, క్లాంపు రెండింటి మీదుగా ఒక పెయింట్ గీత గీయాలి. గాలికి తిరిగితే కంటికే తెలిసిపోతుంది. అదనపు అడాప్టర్ ఒకటి వాడలోనే ఉంచుకోవాలి.