స్వార్‌గేట్ నుంచి హడప్సర్ దాకా: బస్సుకు ఇచ్చిన దారి, వెనక్కి తీసుకున్న దారి



నగర్ రోడ్డు మీద బస్సుల కోసం కట్టిన ప్రత్యేక దారి తీసేసిన సంగతి మీద మన సంఘం గ్రూపులో పెద్ద వాదన జరిగింది. కారున్నవాళ్లు ఒకవైపు, బస్సు పాసున్నవాళ్లు మరోవైపు. మధ్యలో, "అసలు ఈ బీఆర్‌టీ ఎందుకు వచ్చింది, ఎవరు అడిగారు?" అని వాకడ్‌లో ఉంటున్న మన కుర్రవాళ్లు కొందరు అడిగారు. వాళ్లు ఉద్యోగాలకు ఈ ఊరు వచ్చేసరికే కథ సగం నడిచిపోయింది. అందుకని మేము చూసినదీ, చదివినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ రోడ్డు సంగతి. పుణెలో మొదలై షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరే జాతీయ రహదారికి ఇప్పుడు 65వ నంబరు. మన పెద్దలకు మాత్రం అది ఇప్పటికీ 'నంబర్ తొమ్మిది'. తెలంగాణ నుంచి మగ్గాలు పట్టుకుని షోలాపూర్ వచ్చిన పద్మశాలీలు, అక్కడ 1877లో మొదటి మిల్లు వచ్చాక మిల్లు పనికి చేరినవాళ్లు, తర్వాత తరంలో పని వెతుక్కుంటూ పుణె చేరినవాళ్లు, అందరూ ఈ దిక్కు నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకంటే ముందే నిజాం ఇలాకా నుంచి వచ్చిన కామాఠీలు ఈ ఊళ్లో ఇళ్లు కట్టారు, రోడ్లు వేశారు. భవానీ పేఠ్, నానా పేఠ్ సందుల్లో మన మాట వినిపించడానికి కారణం ఈ వలసలే. మన దేశంలో బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ అనే ప్రయోగం మొదట జరిగిన దారుల్లో ఇదీ ఒకటి. ఆ ముచ్చటే ఇప్పుడు చెప్పబోయేది.

పుణె ఒకప్పుడు సైకిళ్ల ఊరు. 1950లో మునిసిపల్ కార్పొరేషన్ ఏర్పడింది, ఆ ఏడాదే నగర బస్సులు దాని చేతికి వచ్చాయి. అదే మనందరి నోట నానిన పీఎంటీ. పింప్రి-చించ్‌వడ్ వైపు పరిశ్రమలు పెరిగాక అక్కడ వేరే బస్సులు వచ్చాయి. రెండింటినీ కలిపి 2007లో పీఎంపీఎంఎల్ చేశారు. మన ఇళ్లలో చాలామంది ఇంకా పీఎంటీ అనే అంటారు, పేరు మారినంత మాత్రాన బస్సు మారలేదు కదా! ఈలోగా సైకిల్ పోయి స్కూటర్ వచ్చింది. పింప్రి, ఆకుర్డి ఫ్యాక్టరీల ఊరికి స్కూటర్ రావడం వింతేమీ కాదు. 2018 నాటికి నగరంలో నమోదైన బండ్ల సంఖ్య జనం సంఖ్యను దాటిందని పత్రికలన్నీ రాశాయి.

బీఆర్‌టీ ఆలోచన మనది కాదు. బ్రెజిల్‌లోని కురితిబా నగరంలో 1974లో మొదలైంది. మెట్రోకు పెట్టేంత డబ్బు లేక, మేయర్ జైమె లెర్నర్ హయాంలో బస్సుకే రైలుకిచ్చినట్టు విడి దారి ఇచ్చారు. 2000 డిసెంబరులో కొలంబియా రాజధాని బొగొటాలో ట్రాన్స్‌మిలేనియో వచ్చాక లోకమంతా అటు చూసింది. అందులో కిటుకు నాలుగైదు సంగతులు కలిసి ఉండటంలో ఉంది. బస్సుకు విడి దారి ఉండాలి. స్టేషను ఎత్తు, బస్సు నేల ఎత్తు సమంగా ఉండాలి. టికెట్టు ఎక్కక ముందే తీసుకోవాలి. బస్సులు వెంట వెంట రావాలి. స్టేషన్ దాకా మనిషి ప్రాణభయం లేకుండా నడిచి రాగలగాలి. వీటిలో ఒక్కటే తీసుకుని మిగతావి వదిలేస్తే అది బీఆర్‌టీ కాదు, రోడ్డు మధ్య కట్టిన పిట్టగోడ.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక బస్సులో 60 మంది ఉన్నారనుకోండి. వాళ్లే కారుకు ఒకటిన్నర మనిషి చొప్పున కార్లలో వెళ్తే 40 కార్లు కావాలి. నిమిషానికి ఒక బస్సు వెళ్తే ఒక్క లేనులో గంటకు 3,600 మంది వెళ్తారు. కానీ నిమిషానికి ఒకే బస్సు వెళ్లే లేను, పక్కన ఇరుక్కున్న కారు డ్రైవరు కంటికి ఎలా కనిపిస్తుంది? బస్సు పోయాక తర్వాతి బస్సు వచ్చేదాకా బోసిగా కనిపిస్తుంది. బాగా పనిచేసే బస్ లేను ఎప్పుడూ ఖాళీగానే కనబడుతుంది. అలా కనిపించడం దాని జబ్బు కాదు. కిక్కిరిసిన లేను కంటే ఎక్కువమందిని అదే మోస్తుంది. ఈ ముక్క జనానికి ఎవరూ సరిగా చెప్పలేదు. మా దృష్టిలో మన దేశంలో బీఆర్‌టీకి తగిలిన అసలు దెబ్బ ఇదే.

2005 డిసెంబరులో కేంద్రం నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం ప్రకటించింది, అదే జేఎన్ఎన్‌యూఆర్ఎం. 2006లో జాతీయ పట్టణ రవాణా విధానం వచ్చింది. రోడ్డు మీద బండ్లను కాదు, మనుషులను కదిలించాలన్నది దాని సారాంశం. నిధులున్నాయి, విధానం ఉంది, పుణె తొందరపడింది. 2006 డిసెంబరులో కాత్రజ్ నుంచి స్వార్‌గేట్, అక్కడి నుంచి హడప్సర్ దాకా ప్రయోగం మొదలుపెట్టారు. రెండూ కలిపి సుమారు 16 కిలోమీటర్లు. దేశంలో ఇదే మొదటిది.

ఆ మొదటి ఏళ్లు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రోడ్డు మధ్యలో బస్సుల లేన్లు, వాటి పక్కన దీవుల్లాగా స్టాపులు. మన బస్సులకు తలుపు ఎడమవైపే కాబట్టి స్టాపు కూడా ఎడమవైపే ఉండాలి, అంటే కార్ల లేనుకూ బస్ లేనుకూ మధ్య సన్నటి అరుగు. ఇంతకు ముందు ఫుట్‌పాత్ మీద నిలబడి బస్సెక్కిన ముసలమ్మ ఇప్పుడు స్కూటర్ల ప్రవాహం దాటి నడిరోడ్డుకు చేరాలి, దిగాక మళ్లీ దాటాలి. దాటడానికి సిగ్నళ్లు, గీతలు సరిగా లేవు. బస్సు వేగం పెరిగింది, మనిషి దాటే చోటు మాత్రం అలాగే ఉండిపోయింది. బస్ లేన్లలో మనుషులు చనిపోయారు, ఆ వార్తలు మరాఠీ పత్రికల్లో వరసగా వచ్చాయి. 'వేగం' పేరుతో వచ్చినదాన్ని జనం భయంతో చూడటం అక్కడ మొదలైంది.

కూడళ్ల దగ్గర, ఫ్లైఓవర్ల దగ్గర విడి దారి మాయమయ్యేది. ఎక్కడ రద్దీ ఎక్కువో అక్కడే బస్సు మళ్లీ అందరితో కలిసి ఇరుక్కునేది. స్కూటర్లు లేనులోకి దూరితే ఆపడానికి కర్రలు పట్టుకుని మనుషులను నిలబెట్టారు, వాళ్లను చూసి జాలేసేది. పక్కన సైకిల్ బాట కూడా వేశారు. దాని మీద బండ్లు పార్కు చేశారు, పానీపూరీ బండ్లు పెట్టారు. సైకిళ్ల ఊరికి సైకిల్ బాట తిరిగివచ్చిన తీరు అది.

మార్కెట్ యార్డులో పనిచేసే మన ఆడవాళ్లకు అప్పుడు కలిగిన తిప్పలు మేము దగ్గర నుంచి చూశాం. తెల్లవారుజామున చీకట్లో సతారా రోడ్డు మధ్యకు వెళ్లి నిలబడాలంటే భయం. అలాగని వాళ్లు బస్సు మానేయలేదు. స్కూటర్ కొనే స్తోమత ఉన్న ఇంట్లో మగవాడు స్కూటర్ ఎక్కాడు, ఆడమనిషి బస్సులోనే మిగిలింది. అందుకే రోడ్డు మీద ఎవరికెంత చోటు అన్న తగాదా మన ఇళ్లలోకీ వచ్చిందంటాం. ఒకే ఇంట్లో భర్త లేను తీసేయాలనేవాడు, భార్య మాత్రం బస్సు వేళకు వస్తే చాలనేది.

ఆ రోజుల్లో పరిసర్ వంటి నగర సంస్థలు బీఆర్‌టీ వద్దని కాదు, సరిగా కట్టమని అడిగాయి. ఈ తేడా చాలామంది చెవికి ఎక్కలేదు.

పుణె చేసింది చూసి మిగతా ఊళ్లు ఏం నేర్చుకున్నాయో చూడండి. 2008లో ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా దాదాపు ఆరు కిలోమీటర్లు తెరిచారు. కార్లవాళ్లు కోర్టుకెక్కారు. 2012లో హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది, అయినా 2016లో ప్రభుత్వమే ఆ దారిని కూల్చేసింది. కోర్టులో గెలిచినది రోడ్డు మీద ఓడిపోయింది. అహ్మదాబాద్ మాత్రం తొందరపడకుండా 2009 అక్టోబరులో జన్‌మార్గ్ తెరిచింది. రోడ్డు నడుమ మూసిన స్టేషన్లు, సమమైన ఎత్తు, తలుపులు. పేరు కూడా జనం నోట పలికేదే పెట్టారు. అక్కడా లోటుపాట్లు లేకపోలేదు, కానీ ఎక్కేవాడికి ఇది కొత్త సంగతి అని మొదటి రోజే తెలిసింది.

మన వైపు, ఇదే 65వ నంబరు రహదారి మీది విజయవాడకు కూడా బీఆర్‌టీఎస్ మంజూరైంది. సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు పోయిన స్థలంలో వెడల్పాటి రోడ్డు వేశారు. ఇవాళ అక్కడికి వెళ్లి 'బీఆర్‌టీఎస్ రోడ్డు' అంటే ఆటోవాడు ఠక్కున తీసుకెళ్తాడు. సాయంత్రం నడకకు, చిరుతిళ్లకు జనం వస్తారు. బస్సు దారిగా కంటే చిరునామాగానే ఆ పేరు బతికింది. పట్టాలు పోయి రోడ్డు మిగిలింది, బస్సు పోయి పేరు మిగిలింది అని మాకు నవ్వు వస్తుంది.

పుణె రెండోసారి ప్రయత్నించింది. 2015 ఆగస్టు చివర సంగమ్‌వాడి నుంచి విశ్రాంత్‌వాడి దాకా 'రెయిన్‌బో' పేరుతో తెరిచారు. వెంటనే పింప్రి-చించ్‌వడ్ వైపు ఔంధ్-రావేత్ దారి, ఆ ఏడాదే నాశిక్ ఫాటా-వాకడ్ దారి, 2016లో నగర్ రోడ్డు మీద యెరవాడ-వాఘోలి దారి వచ్చాయి. దాపోడీ-నిగ్డీ దారి కట్టి ఏళ్లయినా 2018 దాకా బస్సు నడవలేదు. ఈసారి పాఠం కొంత ఒంటబట్టింది. స్టేషను రోడ్డు నడిమధ్య ఒకటే, రెండువైపుల బస్సులూ దానికే ఆగుతాయి, అందుకని బస్సులకు కుడివైపు తలుపులు పెట్టారు. అరుగు ఎత్తు, బస్సు నేల ఎత్తు కలిశాయి. మోకాళ్ల నొప్పులున్న మన పెద్దవాళ్లు మెట్లు ఎక్కకుండా బస్సులోకి నడిచి వెళ్లడం అప్పుడే చూశాం. ఇంజనీరింగు లెక్కలో అది చిన్న సంగతి కావచ్చు. డెబ్బై ఏళ్ల మనిషికి మాత్రం ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లగలగడానికీ, కొడుకు సెలవు పెట్టేదాకా ఆగడానికీ ఉన్న తేడా అదే.

పింప్రి-చించ్‌వడ్‌లో ఇది మెరుగ్గా కుదరడానికి కారణం ఉంది. 1972లో నవనగర్ ప్రాధికరణ్ ఏర్పడినప్పటి నుంచి అక్కడ రోడ్లు వెడల్పుగా వేశారు. పాత పుణెలో అంత జాగా లేదు, ఇంటి గోడకూ రోడ్డుకూ మధ్య దుకాణం, దుకాణం ముందు ఇంకో దుకాణం. అక్కడ బస్సుకు లేను ఇవ్వడమంటే ఎవరి దగ్గరో తీసుకోవడమే.

2023లో నగర్ రోడ్డు మీద యెరవాడ, విమాన్‌నగర్ వైపు భాగాన్ని పగలగొట్టడం మొదలుపెట్టారు. ట్రాఫిక్ జామ్‌కు ఈ లేనే కారణమన్నారు. లేను తీసేశాక ఆ చోటు కార్లకు, స్కూటర్లకు వచ్చింది. ఊళ్లో బండ్లు ఈ లెక్కన పెరుగుతుంటే ఆ చోటు నిండడానికి ఎన్నాళ్లు పడుతుంది? అప్పుడు ఇంకేం తీసేస్తారు, ఫుట్‌పాత్ తప్ప? మా మాట కొందరికి నచ్చకపోవచ్చు. కానీ చెడిపోయిన లేను బాగు చేయడం కంటే తీసేయడం సులువు, తీసేసినది మళ్లీ పెట్టడం దాదాపు అసాధ్యం. బస్సులో వెళ్లేవాడు వార్డు సభకు రాడు, వచ్చినా మాట్లాడడు, అతనికి డ్యూటీ టైమవుతుంది.

బీఆర్‌టీని గుడ్డిగా వెనకేసుకు రావడం కూడా మా ఉద్దేశం కాదు. మొదటి దారి మనుషుల్ని రోడ్డు దాటించలేకపోయింది, అది చిన్న తప్పు కాదు. బస్సులు చాలకపోతే ఎంత మంచి లేనైనా అలంకారమే. ఉన్న బస్సులు దారిలో ఆగిపోతే ఆ ఒక్క లేను మొత్తం మూసుకుపోతుంది, వెనక వచ్చే బస్సుకు పక్కకు తప్పుకునే చోటుండదు. ఇవన్నీ నిజాలే. అయితే ఇవి కట్టినవాళ్లూ నడిపినవాళ్లూ చేసిన లోపాలు. వీటికి శిక్ష ఎక్కేవాళ్లకు పడింది.

ఇప్పుడు స్వార్‌గేట్‌కు భూగర్భ మెట్రో 2024 సెప్టెంబరులో వచ్చింది. స్వార్‌గేట్ నుంచి కాత్రజ్ దాకా సుమారు ఐదున్నర కిలోమీటర్ల పొడిగింపుకు కేంద్రం అదే ఏడాది ఆమోదం ఇచ్చింది. 2006లో మొదటి బస్ లేను వేసిన సతారా రోడ్డు కిందనే అది వెళ్తుంది. పద్మావతి, బాలాజీనగర్, ధన్‌కవడిలో ఉన్న మనవాళ్లకు అది పూర్తయ్యేదాకా పీఎంటీయే దిక్కు. పూర్తయ్యాక కూడా, సొరంగంలోంచి పైకి వచ్చినవాళ్లు ఇంటికి చేరడానికి బస్సే కావాలి.

దీని రెండో భాగం రాయాలని ఉంది, షోలాపూర్ నుంచి పుణెకు ఎస్టీ బస్సుల్లో వచ్చిన మన తొలి కుటుంబాల ప్రయాణాల మీద. మీ ఇళ్లలో పాత పీఎంటీ పాసులు, టికెట్లు, స్వార్‌గేట్ స్టాండు ఫోటోలు ఉంటే కింద పెట్టండి. 2006కు ముందు సతారా రోడ్డు ఎలా ఉండేదో చూపించే ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే అది ముందుగా పంపండి.